మా పద్దు పుస్తకంలో క్రికెటర్లు

నాకు అందరికంటే ఇష్టమైన క్రికెటర్ కృనాల్ పాండ్యా. ఈ మాట పావగడ బస్టాండులో అన్నా నవ్వుతారు, బెంగళూరు మెజెస్టిక్‌లో అన్నా నవ్వుతారు. "తమ్ముడి పేరు చెప్పబోయి అన్న పేరు చెప్పినావేమప్పా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. లేదు, హార్దిక్ కాదు, అన్న కృనాలే. ఎడంచేత్తో స్పిన్ వేస్తాడు, బంతి పెద్దగా తిరగదు. బ్యాటింగుకు ఏ ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో వస్తాడు. అతని పేరు రాసుకున్న టీషర్టు మా తాలూకాలో నా కంటబడలేదు. అయినా మా పద్దు పుస్తకం తీసి చూస్తే, కష్టకాలంలో నన్ను గట్టెక్కించినవాళ్లలో మొదటి పేరు అతనిదే.

ఏ పద్దు పుస్తకం అంటారేమో, అది చెప్పాలంటే ముందు ఫాంటసీ క్రికెట్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. ఈ మధ్య దాని పేరు వినని ఇల్లు లేదు గానీ, ఎట్లా ఆడతారో పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు. ఈ రాత్రికి మ్యాచ్ ఉందనుకోండి. ఆడబోయే రెండు జట్లలో నుంచి పదకొండు మందిని ఏరుకుని మీరు మీ సొంత జట్టు కట్టుకుంటారు. వాళ్లు మైదానంలో నిజంగా ఏం చేస్తే దానికి మీకు పాయింట్లు. మేము వాడే లెక్కలో పరుగుకు 1, వికెట్టుకు 25, క్యాచ్‌కు 8, స్టంపింగ్‌కు 12, మెయిడెన్ ఓవర్‌కు 12. బ్యాటర్ సున్నాకు ఔటైతే 2 పోతాయి. ఒకరిని కెప్టెన్‌గా పెట్టుకుంటే అతని పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. అందరూ మొనగాళ్లనే తీసుకోకుండా ఒక్కొక్కరికి ఒక్కో ధర ఉంటుంది, మొత్తం 100 దాటకూడదు. అంటే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను కొన్నాక, మిగిలిన డబ్బుతో చిన్నాచితకా ఆటగాళ్లను వెతుక్కోవాలి. అసలు ఆట ఆ వెతుకులాటలోనే ఉంది.

ఇది మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1962లో అమెరికాలో ఓక్లాండ్ ఫుట్‌బాల్ జట్టులో వాటాదారైన విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్ అనే ఆయన స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. వాళ్లది రగ్బీలాగా గుద్దుకునే ఫుట్‌బాల్. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్క్‌లో బేస్‌బాల్‌కు ఇట్లాంటిదే తెచ్చాడు. అప్పట్లో యాప్‌లేవీ లేవు, పేపర్లో స్కోరు చూసుకుని చేత్తో లెక్క కట్టుకోవడమే. మన దేశంలో 2008లో డ్రీమ్ 11 వచ్చింది. ఫోనూ, చవక డేటా తోడయ్యేసరికి ఊరూరా పాకింది.

ఇక మా పావగడ సంగతి. మాది తుమకూరు జిల్లా, కర్ణాటక. కానీ మ్యాపు తీసి చూడండి, మా తాలూకా చుట్టూ దాదాపు ఆంధ్రే. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ. మా అక్కను ఇచ్చింది మడకశిరలో. అక్కడ మా బావ, ఇక్కడ నేను, మధ్యలో రాష్ట్రాల సరిహద్దు. పెళ్లిళ్లకూ సంతలకూ ఆ సరిహద్దు ఎన్నడూ అడ్డం రాలేదు. క్రికెట్టు దగ్గర వచ్చింది.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. తెలంగాణలో అప్పటికి మూడేళ్ల ముందే, 2017లోనే నిషేధం వచ్చింది. కర్ణాటకలో అప్పటికి లేదు. అంటే యాప్ మీ ఫోను ఎక్కడుందో చూసుకుని, పావగడలో ఉంటే రమ్మనేది, మడకశిరలో ఉంటే పొమ్మనేది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ ఏడు ఐపీఎల్‌కు టైటిల్ స్పాన్సర్ డ్రీమ్ 11. మా బావ టీవీలో ఆ పేరు బంతిబంతికీ చూడొచ్చు, ఆడటానికి మాత్రం లేదు. "శనివారం శనిమహాత్ముడి గుడికి వస్తాను కదా, అప్పుడు మీ ఊళ్లో నిలబడి ఆడితే తప్పేముంది?" అని లా పాయింటు తీశాడు. 2021 అక్టోబరులో కర్ణాటక కూడా చట్టం తెచ్చింది. బావా నేనూ సమానమయ్యాం. 2022 ఫిబ్రవరి 14న కర్ణాటక హైకోర్టు ఆ చట్టంలోని ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. మళ్లీ సరిహద్దుకు ఇవతల ఒక న్యాయం, అవతల ఒక న్యాయం. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపేస్తూ చట్టం చేసింది.

ఆపడం మంచిదే అంటాను నేను. శెనక్కాయలు అమ్మిన డబ్బు ఫోనులో పోగొట్టుకున్నవాళ్లను, ఇంట్లో చెప్పలేక ముఖం చాటేసినవాళ్లను మా అంగడి ముందే చూశాను. దాని మీద ఇంకో ప్రసంగం కావాలి. నేను చెప్పొచ్చేది 2020లో మా బావకు యాప్ లేదు కాబట్టి మేమే ఒక ఏర్పాటు చేసుకున్నామని. అంగడిలో అప్పులు రాసుకునే పొడుగు పద్దు పుస్తకం ఒకటి తీసి, మనిషికో పేజీ గీశాం. నేను, బావ, ఒక స్కూలు మాస్టారు, తిరుమణి సోలార్ పార్కులో కాపలా పని చేసే ఒక కుర్రాడు, మా వీధి టైలరు, ఆరో మనిషి మా అమ్మాయి. పైసా పందెం లేదు. నెలాఖరుకు అడుగున నిలిచినవాళ్లు అందరికీ బోండాలు తినిపించాలి. సాయంత్రం ఏడింటికి టాస్ పడుతుంది, ఏడున్నరకు మ్యాచ్ మొదలు. ఈ అరగంటలో ఎవరు ఆడుతున్నారో చూసుకుని అందరూ పేర్లు పంపాలి. పాయింట్లు కట్టేది మాస్టారు, ఎర్ర ఇంకుతో.

చేత్తో లెక్క కట్టడం వల్ల ఒక మేలు జరిగింది. యాప్‌లో అయితే మొత్తం చూసి ఊరుకుంటాం. మేము ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాం. అట్లా చూడగా చూడగా ముందు తెలిసిన సంగతి, కోహ్లీ మా ఆటకు అక్కరకు రాడని.

కోపగించుకోకండి, మేమంతా బెంగళూరు జట్టు ఆర్‌సీబీ అభిమానులమే. విషయమేమంటే కోహ్లీ ఆరుగురి జట్లలోనూ ఉంటాడు. అతను సెంచరీ కొడితే అందరికీ వంద వస్తాయి, ఎవరి స్థానమూ మారదు. సున్నా కొడితే అందరికీ పోతుంది, అప్పుడూ మారదు. 2022లో అతను మూడుసార్లు మొదటి బంతికే ఔటయ్యాడు, అందులో రెండు సార్లు హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ మీద. ఊళ్లో ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. మా పుస్తకంలో మాత్రం ఏ అలజడీ లేదు. అంత పెద్ద ఆటగాడు మా ఆరుగురి మధ్య ఉన్నా లేనట్టే. మమ్మల్ని గెలిపించేది, ఓడించేది మిగతావాళ్లు వదిలేసి మనం ఒక్కరమే పట్టుకున్న ఆటగాడు. అందుకే ఇక్కడ ఇష్టాలు వేరుగా పుడతాయి. ఊరంతా మెచ్చినవాడి మీద కాక, మనకు తప్ప ఎవరికీ పట్టనివాడి మీద పుడతాయి.

ఇప్పుడు కృనాల్ దగ్గరికి వస్తాను. 2025 జూన్ 3, అహ్మదాబాద్‌లో ఫైనల్. పద్దెనిమిదేళ్లు కాచుకున్న కప్పు ఆర్‌సీబీకి వచ్చిన రాత్రి. ఆరు పరుగుల తేడాతో పంజాబ్ మీద గెలిచారు. కెమెరాలన్నీ కోహ్లీ కన్నీళ్ల మీదే. మా అంగడి ముందు టపాకాయలు కాలుస్తుంటే మాస్టారు లోపల కూర్చుని లెక్క కడుతున్నాడు. కోహ్లీ 35 బంతుల్లో 43. కృనాల్ నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి రెండు వికెట్లు. ఔట్ చేసింది ఎవరిని? ప్రభ్‌సిమ్రన్, ఇంగ్లిస్. ఛేజింగులో కాళ్లూనుకున్న ఇద్దరినీ. రెండు వికెట్లకు 50, ఓవరుకు ఐదు కంటే తక్కువ పరుగులిచ్చినందుకు మరో 6. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. 2017లో హైదరాబాద్ ఉప్పల్‌లో ముంబై, పుణె ఫైనల్ గుర్తుందా? ముంబై 129 మాత్రమే చేసి ఒక్క పరుగుతో గెలిచింది. అందులో 47 పరుగులు చేసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయినవాడూ ఇతనే. రెండు ఐపీఎల్ ఫైనళ్లలో ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి. అయినా 2025 ఫైనల్ రోజున మా ఆరుగురిలో అతన్ని తీసుకున్నది నేనొక్కడినే. అదే ఏడు ఏప్రిల్‌లో ఢిల్లీ మీద ఆర్‌సీబీ 26 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుంటే, 73 కొట్టి నాటౌట్‌గా మిగిలి గెలిపించాడు. అప్పటికే బౌలింగులో ఒక వికెట్ తీసి ఉన్నాడు. ఇట్లాంటివాడిని ప్రేమించకుండా ఎట్లా ఉంటారు చెప్పండి?

నా రెండో ఇష్టం సిరాజ్. హైదరాబాదీ, ఆటో నడిపిన తండ్రికి కొడుకు. 2020 అక్టోబరు 21న అబుదాబిలో, ఖాళీ స్టేడియంలో, కోల్‌కతా మీద ఆర్‌సీబీ కొత్త బంతి అతని చేతికిచ్చింది. అప్పట్లో సిరాజ్ అంటే పరుగులిచ్చే బౌలరని పేరు. ఆ రోజు నాలుగు ఓవర్లలో రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు అంతకుముందు ఎవరూ వేయలేదు. కోల్‌కతా ఇరవై ఓవర్లూ ఆడి 84 చేసింది. మా పుస్తకం అప్పుడే మొదలైంది, అతన్ని తీసుకున్నది టైలరు ఒక్కడే, అదీ డబ్బు సరిపోక. ఆ పేజీ ఇప్పటికీ అంగడికి వచ్చినవాళ్లందరికీ తీసి చూపిస్తాడు. మెయిడెన్ ఓవర్ అంటే టీవీ ముందు మనం ఫోను చూసుకునే సమయం కదా. ఏమీ జరగని ఆరు బంతుల కోసం ఊపిరి బిగబట్టి కూర్చోవడం నాకు నేర్పింది ఈ పుస్తకమే.

సునీల్ నరైన్ గురించి చెప్పకపోతే సోలార్ పార్కు కుర్రాడు ఊరుకోడు. 2024 ఏప్రిల్ 16, ఈడెన్ గార్డెన్స్. బౌలరని పేరున్న మనిషి ఓపెనింగ్‌కు వచ్చి 56 బంతుల్లో 109 కొట్టాడు, తర్వాత రెండు వికెట్లు తీశాడు. అయినా కోల్‌కతా ఓడింది. అవతల జాస్ బట్లర్ 107 నాటౌట్‌గా నిలిచి, 224 పరుగుల లక్ష్యాన్ని ఆఖరి బంతికి కొట్టేశాడు. కుర్రాడు ఇద్దరినీ తీసుకున్నాడు, కెప్టెన్ నరైన్, వైస్ కెప్టెన్ బట్లర్. ఎవరు గెలిచినా వాడికి ఒకటే. ఆ సీజన్ మొత్తం మీద నరైన్ 488 పరుగులు, 17 వికెట్లు. నవ్వడు, అరవడు, చేతులు ఊపడు. చేసే పని చేసి పోతాడు. మా వాడికి అతనిలో నచ్చింది అదేనట.

మా అమ్మాయి పేజీలో మాత్రం ఇంతకంటే పెద్ద అంకె ఉంది, పుస్తకం మొత్తం మీద పెద్దది. 2024 మార్చి 12న ఢిల్లీలో ఎలిస్ పెర్రీ ముంబై మీద 15 పరుగులకు ఆరు వికెట్లు తీసింది. తర్వాత బ్యాటింగుకు వచ్చి 40 నాటౌట్. వికెట్లకే 150, పరుగులతో 190, పైన వచ్చే చిల్లర వేరే. దాన్ని రెట్టింపు చేయండి, కెప్టెన్ మరి. మహిళల మ్యాచ్‌లు కూడా లెక్కలోకి రావాలని పట్టుబట్టింది తనే. మేము సరేనన్నాం గానీ ఎవరమూ శ్రద్ధగా జట్టు కట్టలేదు. ఆ నెల బోండాల ఖర్చు నాది. ఆ దెబ్బతో 2025 ప్రపంచ కప్‌ను అందరం కళ్లు విప్పుకుని చూశాం. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీస్తే మా బావ మడకశిరలో మిఠాయి పంచాడు. ఫైనల్లో దీప్తి శర్మ 58 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసింది, అది ఆరుగురమూ ఊహించిందే. ఎవరూ ఊహించనిది షఫాలీ వర్మ 87 పరుగులతో పాటు రెండు వికెట్లు తీయడం. మొదట జట్టులోనే లేని అమ్మాయి, సెమీఫైనల్ ముందు వేరొకరికి దెబ్బ తగిలితే వచ్చింది.

ఇష్టానికీ అభిమానానికీ మధ్య ఒక్కోసారి పెద్ద తగాదా వస్తుంది. 2021 ఏప్రిల్ 25న చెన్నై మీద ఆర్‌సీబీ. ఆఖరి ఓవర్ హర్షల్ పటేల్ వేశాడు, జడేజా ఐదు సిక్సర్లు బాదాడు. ఒక్క ఓవర్లో 37 పరుగులు. 28 బంతుల్లో 62 నాటౌట్, ఆపైన 13 పరుగులకు మూడు వికెట్లు, అది చాలదని నేరుగా వికెట్లకు కొట్టి ఒక రనౌట్. పరుగులూ వికెట్లూ కలిపితేనే 137. జడేజా నా కెప్టెన్. ఆర్‌సీబీ మునిగిపోతోంది, నేను తేలుతున్నాను. ఒక్కో సిక్సరుకూ వీధిలో అందరూ తల పట్టుకుంటుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంకో వింత వినండి. అంత దెబ్బ తిన్న హర్షల్ కూడా ఆ రోజు మూడు వికెట్లు తీశాడు. అతన్ని తీసుకున్న మాస్టారికి నష్టమేమీ లేదు. ఊరంతా తిట్టిన బౌలరు మాస్టారి పేజీలో నిక్షేపంగా ఉన్నాడు.

2024 ఏప్రిల్ 15 అయితే చెప్పనే అక్కర్లేదు. చిన్నస్వామిలో ఆర్‌సీబీ మీద సన్‌రైజర్స్ 287. మాకు ఇల్లు తెలుగు, జిల్లా కన్నడ కదా, ఎటు చప్పట్లు కొట్టాలో తెలియని మ్యాచ్. ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102. ఆర్‌సీబీ కూడా ఊరుకోలేదు, దినేశ్ కార్తీక్ 35 బంతుల్లో 83 కొడితే 262 దాకా వచ్చింది. ఆ రాత్రి బ్యాటర్లను తీసుకున్నవాళ్లంతా రాజులు. నేను బౌలర్ల మీద నమ్మకం పెట్టుకునే మనిషిని, నా గతి మీరే ఊహించుకోండి.

ఇక గిట్టనివాళ్లు.

మొదటివాడు గ్లెన్ మ్యాక్స్‌వెల్. మా పావగడలో వానాధారం మీద శెనక్కాయ వేయడం ఎట్లాంటిదో, మ్యాక్స్‌వెల్‌ను జట్టులో పెట్టుకోవడం అట్లాంటిది. పండిన ఏడాది చూసి మళ్లీ వేస్తాం. 2020లో పంజాబ్ 10 కోట్ల 75 లక్షలు పెట్టి కొంటే సీజన్ మొత్తం మీద 108 పరుగులు చేశాడు, ఒక్క సిక్సరు కూడా లేదు. సరే, వదిలేశాం. 2021లో ఆర్‌సీబీకి వచ్చి 513 చేశాడు. మళ్లీ పట్టుకున్నాం. 2024లో పది మ్యాచ్‌ల్లో 52 పరుగులు. ఈ మధ్యలో, 2023 నవంబరు 7న, ముంబైలో ప్రపంచ కప్ మ్యాచ్. అఫ్గానిస్థాన్ మీద ఆస్ట్రేలియా 91కి ఏడు వికెట్లు పోగొట్టుకున్నాక, కాళ్లు పట్టేసి నిలబడలేని స్థితిలో 201 నాటౌట్ కొట్టాడు. వన్డేల్లో నేను చూసిన గొప్ప ఇన్నింగ్స్ అదే, సందేహం లేదు. ఆ రోజు మా ఆరుగురిలో ఒక్కరి జట్టులోనూ అతను లేడు. ఆటగాడిగా అంత మెచ్చి, పద్దులో ఇంత ద్వేషించిన మనిషి నాకు మరొకడు లేడు.

తర్వాత హెడ్. చిన్నస్వామిలో సెంచరీ చేసిన ఆ హెడ్డే. అదే సీజన్‌లో సన్‌రైజర్స్ ఆఖరి లీగ్ మ్యాచ్‌లో మొదటి బంతికే ఔట్. మొదటి క్వాలిఫయర్‌లో కోల్‌కతా బౌలర్ స్టార్క్ చేతిలో సున్నా. ఫైనల్లో మళ్లీ మొదటి బంతికే ఔట్. ఐదొందలకు పైగా పరుగులు చేసిన మనిషి కదా అని బావ క్వాలిఫయర్‌లోనూ ఫైనల్‌లోనూ అతన్నే కెప్టెన్ చేశాడు. అటు స్టార్క్ 24 కోట్ల 75 లక్షల ధర పలికి, లీగ్ అంతా తెగ పరుగులిచ్చాడు. అందరూ విసిగి వదిలేశాక క్వాలిఫయర్, ఫైనల్ రెండింటిలోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఫైనల్ మర్నాడు బావ ఫోను చేసి, "మీ ఊరి శని నాకు పట్టిందప్పా" అన్నాడు. శనిమహాత్ముడి ఊళ్లో పుట్టి పెరిగిన మమ్మల్ని పట్టని శని, శనివారం శనివారం వచ్చి నూనె పోసి పోయే నిన్ను పట్టడమేమిటి బావా అన్నాను. సన్‌రైజర్స్ 113కే ఆలౌటైన ఆ బాధలో నా మాట చెవికెక్కలేదు.

ఏబీ డివిలియర్స్‌ను గిట్టనివాళ్ల పట్టీలో రాయడానికి చెయ్యి రాదు. కానీ 2020 అక్టోబరు 15, షార్జా. చిన్న మైదానం, ఏబీ ఫామ్‌లో ఉన్నాడు, కళ్లు మూసుకుని కెప్టెన్ చేసేశాను. ఆర్‌సీబీ అతన్ని ఆరో స్థానంలో పంపింది, వాషింగ్టన్ సుందర్, శివమ్ దూబే తర్వాత. ఐదు బంతులు ఆడి రెండు పరుగులు. తప్పు అతనిదా? పంపినవాళ్లది. కానీ పద్దు పుస్తకంలో కోచ్‌కు పేజీ ఉండదు, మైనస్ వేద్దామంటే.

ధోనీ సంగతి ఇంకో రకం. ఈ ఆటలకు ప్రకటనల్లో కనిపించి మనందరినీ పిలిచిన మనిషి ఆయన. మా పుస్తకం చెప్పేదేమంటే, ఆఖరి ఏళ్లలో జట్టులోకి తీసుకోకూడని మొదటి మనిషీ ఆయనే. 2024 మే 5న ధర్మశాలలో తొమ్మిదో స్థానంలో వచ్చి మొదటి బంతికే ఔటయ్యాడు. టైలరు మాత్రం ప్రతి చెన్నై మ్యాచ్‌కూ ధోనీని పెడతాడు. ఎందుకంటే సమాధానం చెప్పడు. ఎన్ని బోండాలు తినిపించాడో ఆ దేవుడికే తెలియాలి. క్రికెట్ లేని రోజుల్లో కబడ్డీకి కూడా జట్లు కడతాం. అక్కడ పవన్ సెహ్రావత్. బెంగళూరు బుల్స్‌కు కప్పు తెచ్చినవాడని అందరికీ ప్రాణం. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కుంది. అక్టోబరులో మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆరుగురికీ అతనే కెప్టెన్. అందరం సమానంగా మునిగాం కాబట్టి ఎవరూ తిట్టుకోలేదు.

ఇన్ని పాయింట్ల మధ్య లెక్కకు అందని ఆట ఒకటి ఉంటుందని మాకు తెలిసింది 2021 జనవరి 11న. సిడ్నీ టెస్టు ఐదో రోజు. తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని హనుమ విహారి 161 బంతులు కాచుకుని 23 నాటౌట్. అవతల నడుము నొప్పితో అశ్విన్ 39 నాటౌట్. ఇద్దరూ కలిసి మ్యాచ్ కాపాడారు. కాకినాడలో పుట్టినవాడని బావ విహారిని ప్రేమతో తీసుకున్నాడు. మాస్టారు ఎర్ర ఇంకుతో 23 వేశాడు. బావ ఒప్పుకోలేదు. "ఆ 161 బంతులకు ఏమిస్తావు మాస్టారూ?" అన్నాడు. ఓటింగ్ పెట్టాం. అందరం చెయ్యెత్తి యాభై అదనంగా ఇచ్చాం. అది యాప్‌లో కుదరదు, చేత్తో రాసుకునే పుస్తకంలో కుదురుతుంది. అయితే ఆ యాభైతో కొరివితో తల గోక్కున్నట్టయింది. మరుసటి వారం నుంచి ప్రతివాడూ వాదనకు దిగడమే. నా వాడికి దెబ్బ తగిలినా ఆడాడు, నా వాడు జ్వరంతో బౌలింగ్ చేశాడు, నా వాడికి అంపైర్ అన్యాయం చేశాడు. చివరికి మాస్టారు విసిగి, ఆ అదనపు గడినే కొట్టేశాడు.

2025 ఆగస్టు 4న ఆ గడి మళ్లీ తెరవాల్సి వచ్చింది. లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్ ఆఖరి వికెట్. భుజం జారిపోయి, ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టు కట్టుకుని క్రిస్ వోక్స్ బ్యాటింగుకు దిగాడు. ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు, అవతలివాడి కోసం నొప్పి పళ్ల బిగువున ఓర్చుకుంటూ ఒంటి చేత్తో పరుగెత్తాడు. మా సిరాజ్ యార్కర్ వేసి అట్కిన్సన్ వికెట్లు ఎగరగొట్టాడు, మనం ఆరు పరుగులతో గెలిచాం. సిరాజ్‌కు ఆ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు, సిరీస్‌లో 23. పేజీ కళకళలాడిపోయింది. వోక్స్‌కు సున్నా, సున్నాకు ఔటవ్వలేదు కాబట్టి మైనస్ కూడా లేదు. మా అమ్మాయి ఊరుకోలేదు, విహారికి ఇచ్చినప్పుడు ఇతనికి ఎందుకివ్వరంది. మాస్టారు ఒకసారి ఇచ్చి పడ్డ పాట్లు చాలన్నాడు. ఓట్లు చెరి మూడు పడ్డాయి. ఫోనులో అంతా విన్న బావ చివరికి అడిగాడు, "ఇంతకీ వోక్స్‌ను ఎవరు తీసుకున్నారు?" పుస్తకం తిరగేశాం. ఎవరూ తీసుకోలేదు. "అయితే వంద రాయండప్పా, ఎవడి సొమ్మేం పోయింది" అన్నాడు.

రాశాం. వచ్చే సీజన్‌కు మళ్లీ పేజీలు గీసుకోవాలి. కృనాల్ ధర పెంచాలని అప్పుడే గొడవ మొదలైంది.